నటుడు బాలు గారికి మా వంటింటి ర్యాంకులు

పోయిన ఆదివారం మా ఇంగోల్‌స్టాట్ ఇంట్లో బిర్యానీ కన్నా ముందు గొడవ ఉడికింది. ఆరుగురం, ఒకటే వంటిల్లు, ఎవరి షిఫ్టు వాళ్ళది. అందరం కలిసి తినేది ఆదివారం ఒక్క పూటే. ఉల్లిపాయలు తరుగుతూ ఎవరో ఫోన్లో ‘ప్రేమికుడు’ పెట్టారు. కానిస్టేబుల్ బట్టల్లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కనపడగానే మా నెల్లూరు తమ్ముడు "పాటగాడు యాక్టరైతే ఇట్టా ఉండాల" అన్నాడు. మా కరీంనగర్ అన్నకి అది నచ్చలే. "గాయన పాటల దేవుడు తమ్మీ. యాక్టింగ్ అంటే ఏదో ఖాళీ ఉన్నప్పుడు చేసిండు" అన్నాడు. అంతే, పొయ్యి మీద గిన్నె మర్చిపోయి లిస్టు రాయడం మొదలుపెట్టాం. అడుగు కొంచెం మాడింది కూడా. ఈ పోస్టు ఆ లిస్టు గురించే. పెద్దగా ఉంటది, బస్సులో చదువుకోండి.

లిస్టుకి ముందు ఒక రూలు పెట్టుకున్నాం. పాట తీసేసి చూడాలి. సినిమాలోంచి పాటలన్నీ పీకేశాక కూడా ఆ మనిషి గుర్తుంటేనే ర్యాంకు. లేకపోతే మనం మార్కులు వేసేది గొంతుకే, నటనకి కాదు.

ఈ రూలు పాతకాలం వాళ్ళకి పెడితే అసలు కుదరదు. అప్పట్లో పాడటం, నటించడం వేరువేరు ఉద్యోగాలు కావు. చిత్తూరు నాగయ్య గారు 1946లో ‘త్యాగయ్య’ తీస్తే నటన ఆయనదే, పాట ఆయనదే, డైరెక్షనూ ఆయనదే. భానుమతి గారు పెద్ద హీరోయిన్ అయ్యాక కూడా తన పాట తనే పాడుకున్నారు. ఆ తర్వాత ప్లేబ్యాక్ వచ్చి మనిషిని రెండు ముక్కలు చేసింది: తెర మీద నోరు ఒకరిది, మైకు ముందు గొంతు ఇంకొకరిది. ఘంటసాల గారంతటి ఆయన మొహం కూడా జనం తెర మీద చూసింది అరుదే. 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’లో స్వామి ముందు కూర్చొని పాడుతూ కనిపిస్తారు, అదీ ఘంటసాల గారిగానే.

ఈ రెండు ముక్కల సంగతినే కామెడీగా తీసిన సినిమా ఒకటుంది, 1953లో వచ్చిన ‘పక్కింటి అమ్మాయి’. రేలంగి గారికి పాట రాదు, పక్కింటి అంజలీదేవికి పాటంటే ఇష్టం. ఇతను పెదాలు ఆడిస్తాడు, స్నేహితుడు చాటు నుంచి పాడతాడు. ఆ చాటున పాడే వేషం వేసింది నిజంగా గాయకుడే, ఏ.ఎం.రాజా గారు. బెంగాలీ ‘పాశేర్ బాడీ’ కథ ఇది. 1968లో హిందీలో ‘పడోసన్’ అయితే అదే వేషం కిశోర్ కుమార్ వేశాడు. 1981లో ‘పక్కింటి అమ్మాయి’ని తెలుగులో మళ్ళీ తీశారు, చంద్రమోహన్, జయసుధలతో. ఈసారి చాటున పాడే వేషం బాలు గారికి వచ్చింది. అంతకుముందు ఒకటీ అరా సినిమాల్లో కనిపించినా చెప్పుకోదగ్గ వేషం ఇదే. నేపథ్య గాయకుడికి దొరికింది కూడా నేపథ్య గాయకుడి వేషమే అన్నమాట! మా రూలు ప్రకారం పాట తీసేస్తే ఇందులో వేషమే ఉండదు. అందుకని లిస్టులోకి రాలేదు.

అయితే కరీంనగర్ అన్న అన్నట్టు నటన ఆయనకి ఖాళీ టైము పనా? కాదని మా వాదన. ఆయన పుట్టింది 1946 జూన్ 4న, నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. హరికథ చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ ఒక్క మనిషే పాడాలి, మాట్లాడాలి, రాముడవ్వాలి, రావణుడవ్వాలి, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాలి. ఆ ఇంట్లో పెరిగిన కుర్రాడు ఇంజనీరింగ్ చదువుకని బయల్దేరి, మద్రాసు చేరి, 1966 డిసెంబరులో కోదండపాణి గారి దగ్గర మొదటి పాట పాడాడు. తర్వాత ఆయన చేసిందేమిటి? ఎవరికి పాడితే వాళ్ళలా మాట్లాడటం. ఎన్టీఆర్‌కి ఒకలా, ఏఎన్నార్‌కి ఒకలా, కృష్ణకి ఒకలా. 1976 ‘మనుషులంతా ఒక్కటే’లో అల్లు రామలింగయ్య గారికి పాడింది వినండి, కళ్ళు మూసుకుంటే అల్లు గారే పాడుతున్నారనిపిస్తది. అది గొంతు మార్చడం ఒక్కటే కాదు, అవతలి మనిషి మూతి తిప్పుడు, భుజం ఎగరేయడం గొంతులోకి తేవడం. నటన కాకపోతే మరేంటది?

ఇక్కడే మా ఇంట్లో రెండో గొడవ. "అట్టయితే డబ్బింగ్ కూడా లెక్కలోకి రావాల గదా" అన్నాడు నెల్లూరు తమ్ముడు. బాలచందర్ ‘మన్మథలీల’ తెలుగులోకి వచ్చినప్పుడు కమల్ హాసన్‌కి మాట ఇవ్వడంతో మొదలైంది ఆ పని. 2008 ‘దశావతారం’కి వచ్చేసరికి కమల్ వేసిన పది వేషాల్లో ఏడింటికి, అందులో ముసలావిడతో సహా, బాలు గారే మాట్లాడారు. ‘గాంధీ’ తెలుగులో బెన్ కింగ్‌స్లే గొంతు ఆయనదే. 1997లో ‘అన్నమయ్య’లో సుమన్ గారు వేంకటేశ్వరస్వామిగా నోరు తెరిస్తే వచ్చే మాట బాలు గారిది, దానికి నంది అవార్డు కూడా వచ్చింది. ఆ స్వామి మాటలో దేవుడి గొప్ప కన్నా భక్తుడంటే ఉన్న ముచ్చట ఎక్కువ వినపడుతుంది. మా సగం మంది ఓటు దీనికే మొదటి ర్యాంకు. మిగతా సగం "మొహం లేనిదాన్ని ఎట్ల లెక్కేస్తం" అన్నారు. చివరికి లిస్టుకి బయట, పైన, విడిగా రాసుకున్నాం. దేవుడి పటం పైన పెట్టినట్టు.

ఇక అసలు నటన. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది కానీ, ఆయన్ని హీరోని చేసింది మనం కాదు, తమిళం వాళ్ళు. 1987లో బాలచందర్ ‘మనదిల్ ఉరుది వేండుం’లో డాక్టర్ వేషం ఇచ్చారు. 1990లో వసంత్ అనే కొత్త డైరెక్టర్ తన మొదటి సినిమా ‘కేళడి కణ్మణి’కి ఆయన్నే హీరోగా పెట్టుకున్నాడు. తెలుగులో అది ‘ఓ పాపా లాలీ’. ఆయనకి అప్పుడు నలభై నాలుగేళ్ళు, మనిషి లావు. భార్య పోయి, కూతురితో ఉన్నవాడు రాధికని ఇష్టపడతాడు. ఆమె అమ్మానాన్నలు మూగ, చెవిటివాళ్ళు. ఆ పిల్లకి ఈ పెళ్ళి ఇష్టంలేదు. హీరో అంటే నడుమూ, జుట్టూ, ఫైటింగూ ఉండాల్సిన రోజుల్లో ఇలాంటి కథ. మరుసటి ఏడాది ‘శిఖరం’లో మళ్ళీ ఆయనే హీరో, సంగీతమూ ఆయనదే. కన్నడంలో 1993 ‘ముద్దిన మావ’లో మామగారి వేషం వేస్తే, ఆయనకి తెర మీద గొంతు ఇచ్చింది రాజ్‌కుమార్ గారు. అందరికీ పాడే మనిషికి అక్కడ ఒక హీరో పాడిపెట్టాడు! మా పక్క గదిలో ఉండే హుబ్బళ్ళి కుర్రాడు ఇది మాకు మూడుసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కాలర్ ఎగరేశాడు.

మనవాళ్ళకి ఎందుకు తట్టలేదు? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గదా. మన ఊళ్ళో ఆయన ‘బాలు’, పాటల మనిషి. నెల్లూరు నుంచి మద్రాసు పోతే తప్ప ఆయన పాడతాడని తెలీలేదు, తమిళంలోకి పోతే తప్ప నటిస్తాడని తెలీలేదు. ఇక్కడ లైన్లో నిలబడి, గోడౌన్లో డబ్బాలు ఎత్తి, నాలుగేళ్ళకి జర్మన్ మాట్లాడుతున్న మనకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మనలో వంట చేసేవాడున్నాడని మన ఇంట్లో ఎవరికన్నా తెలుసా?

‘ఓ పాపా లాలీ’కి మేం మూడో ర్యాంకు ఇచ్చాం. మా తమిళ ఫ్రెండు కోపంగా ఉన్నాడు, మొదటిది ఇవ్వాలంటాడు. కానీ రూలు రూలే. ఆ సినిమా అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఊపిరి తీసుకోకుండా పాడినట్టు వినపడే ఇళయరాజా పాట, సముద్రం ఒడ్డు. పాట సినిమాని మింగేసింది.

తర్వాత నాన్న వేషాల వరస. ‘ప్రేమదేశం’లో టబు నాన్న, ‘రక్షకుడు’లో నాగార్జున నాన్న, ‘మెరుపు కలలు’లో అరవింద్ స్వామి నాన్న. చల్లగా నవ్వే, డబ్బున్నా లేకపోయినా పిల్లల్ని తిట్టని నాన్న. నిజం చెప్పాలంటే వీటిల్లో చాలావరకు ఒకటే నాన్న, చొక్కా మారుతుంది. అన్నట్టు ‘మెరుపు కలలు’ తమిళ మాతృకలో పాడినందుకే ఆయనకి ఆరో జాతీయ అవార్డు వచ్చింది. అంటే అక్కడ కూడా గాయకుడే నటుణ్ణి గెలిచాడు. 1996 ‘పవిత్ర బంధం’ మాత్రం వేరే. కొడుకు వెంకటేశ్ ఒక్క ఏడాదికి కాంట్రాక్టు పెళ్ళి అంటాడు, తండ్రి ఒప్పుకుంటాడు. కొడుకు తప్పు చేస్తున్నాడని తెలిసీ, వద్దంటే పెళ్ళే ఉండదని లొంగిపోయిన తండ్రి మొహం అది. నాలుగో ర్యాంకు.

రెండోది ‘ప్రేమికుడు’, 1994. శంకర్ సినిమా, రహమాన్ పాటలు, ప్రభుదేవా డ్యాన్సు. ఇన్నిటి మధ్యలో ఎవరికి కనపడతాడు ఈ లావుపాటి కానిస్టేబుల్? కానీ చూడండి, మనలో ఎంతమంది నాన్నతో అలా భుజాల మీద చేతులేసి మాట్లాడాం? మా ఆరుగురిలో ఒక్కడు కూడా లేడు. ఆయన ప్రభుదేవాతో కలిసి స్టెప్పులేసే పాట ఉంది. ఎగరడానికి ఒళ్ళు సహకరించదు, అయినా మొహంలో వెనకాడటం లేదు. కొడుకు చేస్తున్నాడు కాబట్టి నేనూ చేస్తా అన్నట్టు ఉంటాడు. రూలు ప్రకారం పాట తీసేసినా ఆ తండ్రీకొడుకుల మాటలు మిగులుతాయి. అమెరికాలో ఫ్రాంక్ సినాత్రా అనే పెద్ద గాయకుడికి ‘ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ’లో పక్క వేషానికి ఆస్కార్ ఇచ్చారు. మన దగ్గర కానిస్టేబుల్ వేషానికి ఇచ్చింది ఈలలు. అవీ బాగానే ఇచ్చారులెండి.

మొదటిదాని దగ్గరే అసలు గొడవ జరిగింది. ‘మిథునం’, 2012 డిసెంబరు. శ్రీరమణ గారి కథ. బాపు గారు ఆ కథంతా తన చేత్తో రాసిపెడితే చేతుల మారి ఊరూరా తిరిగింది. ఎం.టి.వాసుదేవన్ నాయర్ 2000లోనే దాన్ని మలయాళంలో ‘ఒరు చెరు పుంజిరి’గా తీశారు. మన కథ మనకన్నా ముందు వాళ్ళకి సినిమా అయింది, మళ్ళీ పెరటి చెట్టే! తనికెళ్ళ భరణి గారు తెలుగులో తీస్తే తెర మీద ఇద్దరే మనుషులు, అప్పదాసుగా బాలు గారు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి గారు. ఆయనకి అప్పుడు అరవై ఆరేళ్ళు. మనవాళ్ళు ఆయన మీదే సినిమా మొత్తం మోపడానికి అంతకాలం పట్టింది. దానికి నంది స్పెషల్ జ్యూరీ అవార్డు ఇచ్చారు.

కథేం లేదు. రిటైరైన మాస్టారు, ఆయన భార్య, పెరడు, ఆవు. పిల్లలంతా విదేశాల్లో. ఆయన తిండిపోతు, పొద్దున లేస్తే ఏం వండుతావని గొడవ. ఆమె కసురుతుంది, ఇతను చిన్నపిల్లాడిలా అలుగుతాడు. బాలు గారు ఇందులో గొంతుని తీసి పక్కన పెట్టారు. ముసలాయన విసుగు, జిహ్వచాపల్యం, ఆమె వినాలని గట్టిగా మాట్లాడటం, తుమ్మడం, ఇవే ఉంటాయి. హరికథలో ఒక్కడే అందరూ అవ్వాలి. ఇక్కడ ఇన్నాళ్ళూ అందరి గొంతులూ అయిన మనిషి చివరికి ఒక్కడయ్యాడు. చివర్లో అప్పదాసు ముందు పోతాడు. తనకన్నా ముందు ఆయనే పోవాలని బుచ్చిలక్ష్మి కోరుకుంది, ఆ మనిషిని ఇంకెవరూ భరించలేరు కాబట్టి.

ఐదుగురం చేతులెత్తాం, మొదటి ర్యాంకు అని. మా శ్రీకాకుళం అన్న ఎత్తలేదు. ఎందుకని అడిగితే "సినిమా బాగోలేదని కాదురా. నేను సగం వరకే చూశాను. చూడనిదానికి ర్యాంకెలా ఇస్తాను" అన్నాడు. మేం ఇంకేం అడగలేదు. వాళ్ళ అమ్మానాన్నలిద్దరే ఊళ్ళో ఉంటారు. 2020లో బాలు గారు ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి రోజూ వార్తలు చూసి మాకు చెప్పింది ఆ అన్నే. సెప్టెంబరు 25న అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పోయారు, ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర. మేం ఇద్దరం నైట్ దిగి పడుకోబోతున్నాం. అన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఏం చెప్పలేదు, తెలిసిపోయింది. ఆ రోజుల్లో ఇంట్లో ఏదన్నా జరిగితే విమానం దొరుకుతుందో లేదో, వెళ్తే తిరిగి రానిస్తారో లేదో అనే భయం అందరికీ ఉండేది. ఆ రోజు మేం బాలు గారి గురించి ఒక్కదాని గురించే బాధపడ్డామంటే అబద్ధం.

ఆదివారం తిన్నాక అన్న ఇంటికి వీడియో కాల్ చేశాడు. మేం వెనక నుంచి అరిచాం, "పెద్దనాన్నా, బాలు గారి యాక్టింగులో ఏ సినిమా ఫస్టు?" అని. ఆయన ఆలోచించకుండా ‘పవిత్ర బంధం’ అన్నారు. మరి ‘మిథునం’ చూళ్ళేదా అని అడిగాం.

"అదా, టీవీలో వస్తూనే ఉంటాదిరా" అన్నారాయన. "మీ పెద్దమ్మే, రాగానే ఛానల్ మార్చేస్తాది."