ఆషాఢంలో ఖాళీ.. శ్రావణంలో తీరిక లేని వాయింపు: తప్పెట, డోలు, హార్మోనియం కళాకారుల చేతినొప్పి ఎందుకు తగ్గట్లేదంటే..

పీర్ల పండగైనా, ఊరి దేవరైనా, పెళ్లి ఊరేగింపైనా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో తప్పెట మోగాల్సిందే. మరి ఆ తప్పెట వాయించే చేయి సంగతేంటి? మణికట్టు దగ్గర సూదితో పొడిచినట్టు పోటు. మోచేయి బయటివైపు ఒకటే లాగుడు. పొద్దున్నే నీళ్ల చెంబు ఎత్తాలన్నా భయం. రెండు వారాలు వాయించకుండా ఉంటే తగ్గుతుంది. మళ్లీ రెండు పెళ్లిళ్లకు వెళ్లొస్తే తిరగబెడుతుంది.

నెలల తరబడి ఇలా వస్తూ పోతూ ఉండే నొప్పినే టెండనైటిస్ అంటారు. వాయిద్యమే కూడు పెట్టే ఇంట్లో ఇది చిన్న నొప్పేం కాదు. ఒక్క సీజన్ పోతే చేసిన అప్పు తీరదు. మేళంలో ఉన్న చోటు కూడా ఇంకొకరికి వెళ్లిపోతుంది. అందుకే చాలామంది నొప్పి బయటకు చెప్పకుండా మాత్ర వేసుకుని వాయించేస్తుంటారు.

నరం కాదు.. స్నాయువు

ఊళ్లో ఎవరిని అడిగినా 'నరం పట్టేసింది' అంటారు. చిక్కు మొదలయ్యేది ఆ మాటతోనే. నొప్పి నరానిది అనుకుని బలం సూదులు, బి12 మాత్రలు నెలల పాటు వాడేస్తారు. నిజానికి నొప్పి పెట్టేది స్నాయువు, అంటే టెండన్. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది ఇది. మందుల షాపులో నరాల మాత్ర అడిగితే దీనికి ఒరిగేదేమీ లేదు.

తేడా గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. నరం నొక్కుకుపోతే తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కితే అది కార్పల్ టన్నెల్ కావచ్చు. స్నాయువు నొప్పిలో తిమ్మిరి సాధారణంగా ఉండదు. వేలితో నొక్కితే ఒక్క చోటే కలుక్కుమంటుంది. ఆ చేత్తో ఏదైనా ఎత్తినా, తిప్పినా నొప్పి పెరుగుతుంది.

బొటనవేలిని గుప్పిట్లో మూసి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచితే ప్రాణం పోయినంత పనవుతోందా? అది డీక్వర్వెన్ అనే రకం కావచ్చు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీక్వర్వెన్ 1895లో దీన్ని వివరించడంతో ఆయన పేరే స్థిరపడింది. మోచేయి బయటివైపు వచ్చేదాన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ బ్యాట్ ఎప్పుడూ పట్టని వాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది, అది వేరే విషయం.

టెండనైటిస్ అంటే స్నాయువు వాపు అని అర్థం. అయితే నొప్పి నెలలు దాటితే అక్కడ వాపు పాత్ర తగ్గిపోతుంది. లోపల ఉండే కొలాజెన్ పోగులు వరుస తప్పి, బలహీనపడి ఉంటాయి. అందుకే డాక్టర్లు ఇప్పుడు టెండినోపతి అనే మాట ఎక్కువగా వాడుతున్నారు. ఎమ్మిగనూరు వాళ్లకు మగ్గం భాషలో చెప్పాలంటే పడుగు పోగులు చిక్కుపడినట్టు. నొప్పి మాత్ర ఆ నొప్పిని మరిపిస్తుందే తప్ప చిక్కు తీయదు.

క్యాలెండర్‌లోనే ఉంది అసలు కారణం

స్నాయువుకు పని అంటే పడదని కాదు. ఉన్నట్టుండి పెరిగే పని అంటేనే పడదు. పశ్చిమ కర్నూలు కళాకారుల ఏడాది చూస్తే సరిగ్గా అదే జరుగుతోంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. చేతులు ఖాళీ. శ్రావణం రాగానే పెళ్లిళ్లు, ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలు, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన అన్నీ ఒకేసారి మీద పడతాయి. ధనుర్మాసంలోనూ పెళ్లిళ్లకు సెలవే. ఆ వెంటనే జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. మధ్యలో దసరా, దేవరగట్టు. పీర్ల పండగ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది కాబట్టి ఒక్కో ఏడాది వేరే ఉత్సవాల పక్కనే వచ్చి పడుతుంది.

వారాల తరబడి ఖాళీగా ఉన్న స్నాయువు ఆ భారానికి తగ్గ బలాన్ని కొంత కోల్పోతుంది. అలాంటి చేత్తో ఒక్క రాత్రిలో ఆరేడు గంటలు వాయిస్తే దెబ్బ తినక ఏమవుతుంది? విశ్రాంతి తీసుకున్నా నొప్పి ఎందుకు తిరగబెడుతోందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అంటే ఆషాఢం పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చునే నెల కాకూడదు. రోజూ అరగంట వాయిస్తూ, వారం వారం కొద్దికొద్దిగా సమయం పెంచుకుంటూ పోతే శ్రావణం భారాన్ని చేయి తట్టుకుంటుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. వాయిద్యం పని ఏడాదంతా ఉండదు. మిగతా రోజుల్లో పత్తి తీయడం, ఆదోని మార్కెట్ యార్డులో మూటలు మోయడం, మగ్గం నేయడం. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరులో పగలు మగ్గం, రాత్రి భజనలో తబలా అంటే విడ్డూరమేమీ కాదు. నాడె ఆడించడానికి తాడు లాగేదీ, తబలా మీద పడేదీ అదే మణికట్టు. పత్తికాయలోంచి దూది లాగేదీ, హార్మోనియం మెట్లు నొక్కేదీ అవే వేళ్లు. చేతికి ఏది కళో ఏది కూలో తెలీదు. మొత్తం భారమే లెక్క. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్తే వాయిద్యం గురించే కాదు, పగటి పని గురించీ చెప్పాలి.

తోలు వదులైతే చేతికి శ్రమ

తప్పెటను మంట కాచేది నాదం కోసమే అనుకుంటారు. మణికట్టుకూ అది మేలే. తోలు బిగుతుగా ఉంటే పుల్ల తనంతట తనే పైకి లేస్తుంది. వాన ముసురుకు తోలు మెత్తబడితే కొట్టిన పుల్లను చేయే లేపాలి, పైగా మోత రాదని ఇంకా గట్టిగా కొడతారు. ముసురు రోజుల్లో మధ్యమధ్యలో మళ్లీ కాచుకోవడం, లేదంటే ఫైబర్ తప్పెట వాడటం చేతికి కలిసొస్తుంది. పుల్లను పిడికిలి బిగించి పట్టుకోవడం కూడా నొప్పిని పెంచే అలవాటే. ఊరేగింపులో మైకులతో, డీజేతో పోటీ పడి కొట్టే రాత్రులు మరీ ప్రమాదం. హార్మోనియం వాళ్లు నేల మీద కూర్చున్నప్పుడు పెట్టె కింద చిన్న పీట వేసుకుంటే మణికట్టు వంగకుండా ఉంటుంది.

ఆపేయాలా? వాయించాలా?

నొప్పి భగ్గుమన్న మొదటి కొన్ని రోజులు తగ్గించాలి. ఆ తర్వాత పూర్తిగా ఆపేస్తే నష్టమే. ఫిజియోథెరపిస్టులు వాడే ఒక కొలత ఉంది. నొప్పికి పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. వాయించేటప్పుడు మూడు దాటకుండా, మర్నాటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తుంటే ఆ పని చేయి తట్టుకుంటోందని అర్థం. మర్నాడు కూడా పెరిగే ఉంటే మోతాదు తగ్గించాలి.

దీంతోపాటు స్నాయువుకు బలం పెంచే వ్యాయామం కావాలి. మోచేయి నొప్పికి చేసేది చాలా సులువు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి నేలవైపు ఉండేలా మణికట్టును అంచు బయటకు ఉంచాలి. చేతిలో అర లీటరు నీళ్ల సీసా. రెండో చేత్తో సాయం చేసి పైకి లేపి, ఆ తర్వాత సాయం వదిలేసి మూడు నాలుగు సెకన్లు పట్టేలా నెమ్మదిగా దించాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు. ఫలితం వారంలో కనిపించదు. ఆరు నుంచి 12 వారాలు పట్టొచ్చు. చాలామంది మూడో వారంలోనే వదిలేస్తారు, చెడేది అక్కడే. బొటనవేలి నొప్పికి మాత్రం ముందు పట్టీ వేసి వేలిని కదలకుండా ఉంచాల్సి రావచ్చు. కాబట్టి ఏ రకమో తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి.

ఒక్క సూదితో తగ్గిపోతుందా?

సీజన్‌కు ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకునే వాళ్లున్నారు. రెండు మూడు వారాల్లో హాయిగా ఉంటుంది, నిజమే. కానీ టెన్నిస్ ఎల్బో ఉన్న 165 మందిపై ఆస్ట్రేలియాలో చేసి, 2013లో జామా పత్రికలో ప్రచురించిన అధ్యయనం చూడండి. స్టెరాయిడ్ తీసుకున్న వాళ్లలో ఏడాదిలోపు 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లలో ఇది 12 శాతమే. అయితే బొటనవేలి వైపు వచ్చే డీక్వర్వెన్‌కు ఇదే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. రకం తేలకుండా సూది వేయించుకోకూడదనేది అందుకే. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలీదు. జ్వరానికో, విరేచనాలకో ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ స్నాయువును దెబ్బతీయొచ్చు, అరుదుగా తెగిపోయేలా కూడా చేస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే వీటిపై తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. 60 ఏళ్లు దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. డైక్లోఫెనాక్ మాత్రలు రోజూ మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ఇబ్బంది.

నొప్పే లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే వేళ్లు తమంతట తామే ముడుచుకుపోతుంటే అది టెండనైటిస్ కాదు. అమెరికా పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్ కుడిచేయి 1960ల్లో ఇలాగే పోయింది. చాలా ఏళ్ల తర్వాత అది ఫోకల్ డిస్టోనియా అని తేలింది. బొటాక్స్ చికిత్స తీసుకుని, 2004లో రెండు చేతులతో ఆల్బమ్ విడుదల చేశారు. దీనికి చూపించాల్సింది న్యూరాలజిస్టుకు. చేయి ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, టక్‌మని శబ్దమై వేలు లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ముందుగా ఆదోని ఏరియా ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పెద్ద పరీక్షలు, ఎముకల విభాగం కావాలంటే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ఆదోని నుంచి అది దాదాపు 100 కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లి రావడం కూలి పోగొట్టుకోవడమే. మొదటిసారి వెళ్లినప్పుడే వ్యాయామాలన్నీ చేసి చూపించమని, ఫోన్‌లో వీడియో తీసుకుంటామని అడగండి. ఇక డప్పు కళాకారులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.4,000 పెన్షన్ ఉంది. అది 50 ఏళ్లు నిండిన వాళ్లకే. దరఖాస్తు గ్రామ, వార్డు సచివాలయంలో చేసుకోవాలి.