తిన్నాక పట్టే చెమటలు: నూరేళ్ల చరిత్ర, మా యింటి కథ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఏ కోట గురించో గుడి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ముప్పయ్యారేళ్లు ట్రెజరీలో బిల్లులు సరిచూసిన గుమాస్తాను నేను. నాకు బాగా తెలిసిన చరిత్ర మా యింట్లో రెండు తరాల వారు పడ్డ ఒక బాధ చరిత్రే. అందులో నా తప్పు కూడా ఉంది కనుక దాచకుండా రాస్తున్నాను.

మా నాన్నగారు పశ్చిమ గోదావరి జిల్లాలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. కడుపులో పుండుతో ఏళ్ల తరబడి బాధపడ్డారు. 1964లో పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, కడుపుకూ చిన్నపేగుకూ కొత్త దారి కలిపారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నొప్పి పోయింది గాని కొత్త బాధ మొదలైంది. అన్నం తిన్న పావుగంటకల్లా చెమటలు, గుండెదడ, కడుపు ఉబ్బరం. వెంటనే మంచమెక్కేవారు. తీపి తింటే మరీ ఎక్కువ. ఒక్కోసారి రెండు గంటల తరువాత బడిలో చేతులు వణికేవి. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే తేరుకునేవారు, కాసేపటికి మళ్లీ అదే. మా అమ్మ దిష్టి తీసేది. బంధువులు బద్ధకం అనేవారు.

1976లో నా పెళ్లి. పంక్తిలో వియ్యంకుడిగారి పక్కన కూర్చున్న నాన్నగారు పాయసం వద్దన్నారు. మర్యాద కాదని నేనే బలవంతం చేశాను. పది నిమిషాలకు విస్తరి ముందు నుంచి లేచిపోయి, వరండాలో మంచం మీద పడుకున్నారు. ఆడపెళ్లివారు చిన్నబుచ్చుకున్నారు. నేను వెళ్లి, "నలుగురిలో ఇదేం పని నాన్నగారూ?" అని గదిమాను. ఆయన కళ్లు తెరవకుండానే, "లోపల ఏదో బిందెతో కుమ్మరించినట్టుంటుందిరా" అన్నారు. నేను నమ్మలేదు. 1983లో ఆయన పోయారు.

ఇక అసలు చరిత్రకు వస్తాను. 1881 జనవరిలో వియన్నాలో బిల్రోత్ అనే సర్జన్, క్యాన్సర్ సోకిన ఒక స్త్రీకి కడుపు కింది భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని పేగుకు కుట్టాడు. ఆమె ఆపరేషన్ తట్టుకొని సుమారు నాలుగు నెలలు బతికింది. అదే సంవత్సరం ఆయన సహాయకుడు వోల్‌ఫ్లర్, కడుపు నుంచి పేగుకు పక్కదారి కలిపే ఆపరేషన్ చేశాడు. తరువాతి కాలంలో పుండ్లకు ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. దక్షిణ భారతంలో ఈ జబ్బు అప్పట్లో ఎక్కువగా ఉండేది. ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న సోమర్‌వెల్ దొర ఇప్పటి కన్యాకుమారి జిల్లాలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో 1920ల నుంచి ఇటువంటి ఆపరేషన్లు ఎన్నో చేశాడు.

కడుపు చివర ఒక కండరపు ద్వారం ఉంటుంది. మా ట్రెజరీలో టోకెన్ గుమాస్తా బిల్లులను ఒక్కొక్కటిగా లోపలికి పంపినట్టు, అది ఆహారాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. పక్కదారి కలిపితే ఆ గుమాస్తా సీటు ఖాళీ. అన్నమంతా ఒక్కసారిగా పేగులో పడుతుంది. తీపి పడితే ఒంట్లోని నీరు పేగులోకి లాగబడుతుంది, కొన్ని హార్మోన్లు ఎక్కువగా ఊరుతాయి. అందుకే ఉబ్బరం, దడ, చెమట. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరిగితే ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, గంట నుంచి మూడు గంటల్లో చక్కెర బాగా పడిపోతుంది. అందుకే వణుకు.

లండన్‌లో ఆర్థర్ హెర్ట్జ్ అనే వైద్యుడు 1913లోనే ఈ బాధను గురించి రాశాడు. 1922లో అమెరికాలో చార్లెస్ మిక్స్ దీనికి 'డంపింగ్' అని పేరు పెట్టాడు. డంపింగ్ అంటే కుమ్మరించడం! మా నాన్నగారు ఏ పుస్తకమూ చదవకుండా చెప్పిన మాట, నా పెళ్లికి యాభై నాలుగేళ్ల ముందే అచ్చులో ఉంది. 1970లో సిగ్‌స్టాడ్ అనే ఆయన ఈ జబ్బును గుర్తించడానికి మార్కుల పట్టిక తయారు చేశాడు. అందులో 'వెంటనే పడుకోవాలనిపించడం' ముఖ్యమైన లక్షణాల్లో ఒకటి. మేము బద్ధకమన్నది అదే.

తరువాత మంచి మందులు వచ్చాయి. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ పుండుకు కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 2005లో నోబెల్ బహుమతి పొందారు. పుండ్ల ఆపరేషన్లు బాగా తగ్గాయి. బాధ మాత్రం ఇంకో దారిన వచ్చింది. కడుపు కోయించుకున్నవారు లావెక్కకపోవడం గమనించిన అమెరికా సర్జన్ మేసన్, 1966లో బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. 1990లలో అది చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ అయింది.

మా పెద్దమ్మాయికి నలభై ఏళ్లకే షుగరు, మోకాళ్ల నొప్పులు, నూటపద్దెనిమిది కిలోల బరువు. 2019లో హైదరాబాదులో బైపాస్ చేయించుకుంది. బరువు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. మరుసటి సంక్రాంతికి ఇంటికొచ్చి, వాళ్లమ్మ బలవంతం మీద సగం అరిసె తిన్నది. పావుగంటకు చెమటలు పట్టి మంచమెక్కింది. "తినగానే పడకేమిటమ్మా" అనబోయి ఆగిపోయాను. ఆ వరండా, ఆ మంచం కళ్లముందు మెదిలాయి. తరువాత డాక్టరుగారు విషయం వివరిస్తూంటే నా కళ్లు చెమర్చాయి.

ఆయన చెప్పినవి, అమ్మాయి పాటిస్తున్నవి రాస్తాను. చిన్న గిన్నెతో రోజుకు ఆరుసార్లు తినడం. ముందు పప్పు, గుడ్డు లేదా పెరుగు, ఆపైన కొంచెం అన్నం. మెత్తగా నమిలి నిదానంగా మింగడం. భోజనంతో పాటు నీళ్లు తాగకుండా, ముందూ వెనకా అరగంట విడవడం. పానకం, పళ్లరసాలు, కూల్‌డ్రింకులు మానడం. బాధ వస్తే అరగంట పడుకోవడం. ఏం తింటే ఏమైందో నోటుపుస్తకంలో రాసుకోవడం. విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడడం. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందన్నారు. మా అమ్మాయికీ తగ్గింది. అయితే కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పడం ఉంటే దీనికి సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన పెన్షనర్ల ఇళ్లలో కొడుకులో, కోడళ్లో, మనవలో ఈ ఆపరేషన్ చేయించుకునే రోజులివి. పండక్కి వచ్చినప్పుడు కొసరి కొసరి వడ్డించవద్దని, 'వద్దు' అంటే మర్యాద తప్పిందని అనుకోవద్దని మనవి. తినగానే పడుకుంటే దుప్పటి ఒకటి ఇవ్వండి. ఏమనిపిస్తోందో అడగండి, చెప్పింది నమ్మండి. మా నాన్నగారికి నేను చేయలేకపోయిన పని అది.