నల్లమల మృగయ – కిందమ ముని ప్రశ్న

మార్కాపురం, గిద్దలూరులకు పశ్చిమాన వ్యాపించిన నల్లమలలో కణితి, అనగా సాంబరు జింక, ప్రధానంగా రాత్రివేళ మేసి, పగలు దట్టమైన పొదల నీడన విశ్రమిస్తుంది. ముదిరిన మగ కణితి ఘ్రాణశక్తి అతినిశితం. దాని శయనస్థానాన్ని సమీపించదలచిన వేటగాడు మొదట గాలివాటును, పిదప అడుగుజాడను, చివరకు తన పాదధ్వనిని అణచుకొనుటను నేర్వాలి. చెంచుల ధనుర్విద్యకు ఈ శిక్షణయే ఆధారం. అయినను వారి జీవనానికి వేటకంటె కందమూలాలే ప్రధానమని, కృష్ణకు ఆవలి అమ్రాబాదు చెంచులను గూర్చి 1943లో వెలువడిన హైమెండార్ఫ్ గ్రంథం తెలుపుతున్నది.

మృగచిత్తజ్ఞానాన్ని కౌటిల్యుడు వేటవలన కలిగే గుణాలలో ఒకటిగా ఎంచాడు. మనువో, మృగయను కామజవ్యసనాలలో మొదటనే చేర్చాడు. మరి ఏమరి ఉన్న మృగాన్ని కొట్టవచ్చునా? కిష్కింధలో వాలికి బదులిస్తూ శ్రీరాముడు, ఏమరినదైనా, పెడమొగమైనదైనా, మృగాన్ని కొట్టుటలో దోషం లేదంటాడు. ఆదిపర్వంలో మృగరూపుడైన కిందముడు పాండురాజుతో వేరొక మాట అంటాడు: మృగాన్ని చంపినందుకు నింద లేదు, సంగమం ముగిసేవరకు ఆగకపోవడమే క్రౌర్యం. ఈ రెండింటికీ వైరుధ్యం కల్పించడం తొందరపాటు. రామవాక్యం రాజాచారాన్ని చెబుతున్నది; మునివాక్యం ఆ ఆచారంలోనే సమయాసమయాలను ప్రశ్నిస్తున్నది. పాండురాజుకు గురి ఉంది, ఓర్పు లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పిమ్మట ఇక్కడ వేట నిషిద్ధం. ఈ అడవిలో అధికభాగం నేడు పులుల అభయారణ్యం. జాడ చదివే విద్య మాత్రం నిలిచే ఉంది. పులి అడుగులను వెదకే అటవీ సిబ్బందికి ముందు నడిచేది చెంచులే.