నాయకుడు విడిచినను నిలిచిన బృందము

బ్లూస్ అను గానరీతి అమెరికాలోని నల్లజాతివారి కష్టజీవనమునుండి పుట్టినది. దాని నభిమానించి పీటర్ గ్రీన్ 1967లో లండను నగరమున నొక వాద్యబృందమును స్థాపించెను. నాయకత్వము తనదే, గిటారు విద్వాంసుడను కీర్తియు తనదే. అయినను తన పేరు పెట్టక, డ్రమ్ములు వాయించు మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటారు వాయించు జాన్ మెక్‌వీ అనువారి పేర్లు కలిపి 'ఫ్లీట్‌వుడ్ మాక్' అనెను.

1970లో గ్రీన్ వైదొలగెను. తాళము పట్టిన యిరువురును నిలిచిరి. క్రిస్టీన్ మెక్‌వీయు, కాలిఫోర్నియాలో లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ అనువారును చేరగా, బ్లూస్ వెనుకబడి మృదువైన పాప్ గానము ముందునకు వచ్చెను. 1977 నాటి 'రూమర్స్' నాలుగుకోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయెను.

తొలినాటి ఆర్తి తగ్గినదను మాట నిజమే. కాని తనతోనే అంతరింపదగిన దానికి గ్రీన్ అన్యుల పేరిట ఆయువు పోసెను. సంస్థలకు తమ పేరే తగిలించుకొను పెద్దలు దీనిని గమనింతురు గాక!