దేవుని ఉనికి – ప్రమాణ సమస్య: గోదావరి డెల్టాలో సంస్కరణ నుంచి నాస్తికత్వం దాకా

ఉపోద్ఘాతం

దేవుడున్నాడో లేడో మానవుడు తెలుసుకోగలడా అన్నది మన దర్శనాల్లో ప్రధానంగా ప్రమాణ చర్చ. నైయాయికులు అనుమాన ప్రమాణంతో ఈశ్వరుణ్ణి సాధించబూనగా, ప్రత్యక్షాన్నే ప్రమాణంగా గ్రహించిన చార్వాకులు దానిని తిరస్కరించారు. ఆధునిక కాలంలో గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న సంఘసంస్కరణతో ముడిపడింది. ఆ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అంతరాత్మే ప్రమాణం

రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం విగ్రహారాధనను నిరసించారు గాని, ఏకేశ్వరుణ్ణి నిరాకరించలేదు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రధానాచార్యులుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు కూడా బ్రహ్మసమాజ మతస్థులే. దళిత విద్యార్థులకు, బాలికలకు విద్యావకాశాలు కల్పించడం ఆయన విశ్వాసంలో భాగం. ఏ గ్రంథాన్నీ తిరుగులేని ప్రమాణంగా అంగీకరించని బ్రహ్మసమాజం దైవజ్ఞానానికి వివేకాన్ని, అంతరాత్మను ఆధారం చేసుకుంది.

ఈ సిద్ధాంతంలోనే ఒక చిక్కు ఉంది. ఉన్నాడని చెప్పే అంతరాత్మ ప్రమాణమైతే, లేడని చెప్పే అంతరాత్మను దేనితో తోసిపుచ్చాలి?

గోరా ఉదంతం

ఈ చిక్కు అదే కళాశాలలో బయటపడింది. అక్కడ వృక్షశాస్త్ర అధ్యాపకులైన గోపరాజు రామచంద్రరావు (గోరా, 1902–1975) నాస్తిక భావాల కారణంగా 1933లో ఉద్యోగం కోల్పోయారు. తరువాత ఆయన పొరుగున ఉన్న కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, వయోజన విద్యను, సహపంక్తి భోజనాలను నిర్వహించారు. దేవుడు లేడని తర్కంతో నెగ్గడం కంటే, తన జీవితానికి తానే బాధ్యుణ్ణన్న స్పృహ మనిషిలో కలిగించడమే ఆయనకు ముఖ్యమైంది.

సేవాగ్రామంలో ఆయనతో చర్చించిన గాంధీజీ ఆస్తికత్వమే సరైనదని గాని, నాస్తికత్వం తప్పని గాని తీర్పు చెప్పలేదు. గోరా కుమార్తెకు దళిత యువకునితో జరగవలసిన వివాహ ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చేర్చడానికి సమ్మతించారు. ఆ వివాహం గాంధీజీ మరణానంతరం, 1948లో సేవాగ్రామంలో జరిగింది.

ముగింపు

వీరేశలింగం, వెంకటరత్నం నాయుడు, గోరా దైవం విషయంలో ఏకీభవించకపోయినా, కులభేదాన్ని, మూఢాచారాన్ని ఎదిరించడంలో ఒకే దారిన నడిచారు. కనుక ఆచరణను బట్టి దేవుని ఉనికిని గాని, లేమిని గాని నిర్ధారించలేం. ప్రశ్న తేలకుండానే ఉంది. అయితే తేలని ప్రశ్నకు ఒకరిచ్చిన సమాధానం వారి జీవనోపాధిని హరించే కారణం కారాదన్నది 1933 నాటి ఉదంతం నేర్పే చారిత్రక పాఠం. ఆస్తిక నాస్తికులిద్దరికీ అది సమానంగా వర్తిస్తుంది.