తాత సీడీ, విండోస్ 98

హోసూరులో మా వీధి పెద్దలు చెప్పిన పాత సంగతులన్నీ మా తాత 1999లో కంప్యూటర్‌లో టైపు చేసి, సీడీలో దాచారు. ఆయన పోయాక నేను దాన్ని తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వచ్చాయి.

కారణం వెతికాను. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే మన అక్షరాల ముక్కలు పెట్టేవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లోకి అది వచ్చింది 2001లో, ఎక్స్‌పీతోనే. పైగా సీడీలో ఉన్న టైపు సాఫ్ట్‌వేర్ 16 బిట్లది. ఇప్పటి 64 బిట్ల విండోస్ దాన్ని నడపదు.

పోనీ విండోస్ 98నే ల్యాప్‌టాప్‌లో వేద్దామంటే, మెమరీ 512 ఎంబీ దాటితే అది తడబడుతుంది. మాది 8 జీబీ! మా సార్ సలహాతో వర్చువల్‌బాక్స్‌లో 256 ఎంబీ మెమరీతో ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేసి, అందులో 98 ఎక్కించాను. తాత రాసిన వాక్యాలు తెలుగులో కనిపించాయి. చదివి వినిపిస్తే అవ్వ కళ్లు తుడుచుకుంది.

రాతి శాసనం చదవడానికి లిపి తెలిస్తే చాలు. కంప్యూటర్ రాతకు దాన్ని చూపించే యంత్రం కూడా బతికుండాలి. అందుకే రోజుకో పేజీ యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నాను.