చెన్నపట్టణమున మోటారు కదలిన తీరు

నేడు తాళపుచెవి త్రిప్పినంతనే కారు ఇంజను పలుకుచున్నది. అందుకు పట్టు కాలము ఒకటి రెండు సెకండ్లు మాత్రమే. ఈ సెకండ్ల వెనుక చెన్నపట్టణమున ఒక శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. అందు మన తెలుగువారి పాలును కలదు.

ఈ నగరపు మోటారు కథలో మొదటి ఘట్టము ఆవిరిది. 1840లో వెలసిన సింప్సన్ కంపెనీవారు 1903లో ఆవిరికారును ఇచ్చటనే నిర్మించిరి. పిదప వారు నిర్మించిన ఆవిరి బస్సు బెజవాడ, బందరుల నడుమ నడచినదనుట మనకు ముచ్చటైన సంగతి. అయితే నీరు కాగి ఆవిరి బలము పుంజుకొనువరకు అట్టి బండిలో ప్రయాణికుడు వేచియుండవలసినదే.

పెట్రోలు బండి ఈ నిరీక్షణమును తగ్గించి, శ్రమను మనుష్యుని భుజముమీద మోపినది. మదరాసులో కారు కొన్న తొలి భారతీయుడు తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారని ప్రతీతి. కన్నెమరా గ్రంథాలయము, విక్టోరియా స్మారక మందిరము వంటి భవనములను కట్టిన కంట్రాక్టరు ఆయనయే (1856–1925). ఆయన ఫ్రెంచి కారు సంఖ్య ఎం.సి.3 అని చెప్పుదురు.

ఆ కాలపు కార్లను ముందు నిలిచి హాండిలుతో త్రిప్పవలసియుండెను. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అర్ధచుట్టునకు ఒక సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి నొక్కబడి మండవలెను. అన్నియు సరిగా అమరినచో రెండు మూడు గుంజులకే ఇంజను మేల్కొనెడిది. వానకాలమున ప్లగ్గులకు చెమ్మ పట్టినచో చెమటలు క్రమ్మినను కదలెడిది కాదు. నిప్పురవ్వ వేళను వెనుకకు జరుపక త్రిప్పినచో ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరిచెడిది. అందుచే బొటనవ్రేలిని హాండిలు చుట్టు బిగింపక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి, క్రిందినుండి పైకి లాగవలెనని పాతకాపులు నేర్పెడివారు.

1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో పనిచేయు స్టార్టరును రూపొందించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది చేరినది. అట్టి స్టార్టరు నిముసమునకు 150 చుట్లు త్రిప్పినచో, నాలుగు సిలిండర్ల ఇంజను రగులుకొనుటకు సెకండునకు అయిదు అవకాశములు దొరకును. అంత వేగము మనుష్యుని చేతికి సాధ్యమా?

అయినను హాండిలు వెంటనే పోలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున పెట్రోలు కరవై బొగ్గు బస్సులు వచ్చినవి. డ్రమ్ములో బొగ్గు రగిల్చి, గాలి విసరి, గ్యాసు పుట్టించిన పిదపనే ఇంజను నడచెడిది. సెకండ్ల పని మరల నిముసముల పనియయ్యెను. యుద్ధము ముగిసిన చాలకాలమునకును, బ్యాటరీ నీరసించిన లారీ ముందు క్లీనరు హాండిలు పట్టి నిలుచుట మా బాల్యమున నిత్యదృశ్యము.

తొలి యజమానుల పేర్లు, తుదకు కారు సంఖ్యలు సైతము చరిత్రకెక్కినవి. హాండిలు త్రిప్పినవాని పేరు ఎచ్చటను కానరాదు. ఈ నగరమున డ్రైవర్లుగా, క్లీనర్లుగా, మేస్త్రీలుగా బ్రతికిన తాతలు మన కుటుంబములలోను కలరు. వారి లైసెన్సు పుస్తకములు, ఛాయాచిత్రములు మీ పెట్టెలలో ఇంకను ఉన్నచో, పాత కాగితములతో పారవేయకుడు. వాని వెనుక వారి పేర్లు, పనిచేసిన ఏండ్లు, తెలిసినంతవరకు మన లిపిలో వ్రాసియుంచుడు. ఆ చేతులు త్రిప్పిన చక్రముల మీదనే కదా మనము ఇంతదూరము వచ్చితిమి!